యూటా ఎర్రకొండల్లో డిసెంబరు హైకింగ్: పెద్దవాళ్ళు, పిల్లలతో ఐదు రోజులు

మీ ప్లాన్ రెండుసార్లు చదివాను. డిసెంబరు 25 పొద్దున డాలస్ నుంచి లాస్ వేగస్‌లో దిగుతారు, 29 రాత్రికి తిరుగు విమానం. ఈ మధ్యలో జాయన్, బ్రైస్, ఆర్చెస్ నేషనల్ పార్కులు, మాన్యుమెంట్ వ్యాలీ, ఆంటెలోప్ కెన్యన్, హార్స్‌షూ బెండ్, గ్రాండ్ కెన్యన్ అన్నీ చూడాలి. బండిలో ఆరుగురు: మీరిద్దరూ, తొమ్మిదేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, కడప నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు. నాన్నగారికి మోకాలి నొప్పి. మీరు అడిగినవి మూడు. ఇదంతా కుదురుతుందా? మామూలు స్పోర్ట్స్ షూస్ సరిపోతాయా? పాపని జాయన్‌లో ఏంజెల్స్ లాండింగ్ అనే కొండ ఎక్కించొచ్చా?

వరసగా జవాబులు: కుదరదు, సరిపోవు, వద్దు. ఎందుకో, దాని బదులు ఏం చెయ్యొచ్చో కింద రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

నేను సాల్ట్ లేక్ సిటీకి వచ్చి పధ్నాలుగేళ్ళయింది. ప్రతి చలికాలం రెండు మూడుసార్లయినా దక్షిణాన ఉన్న ఆ ఎర్రరాళ్ళ వైపు పోతాను. వేసవిలో వెళ్ళడం ఎప్పుడో మానేశాను. జూలైలో జాయన్ లోయలో వంద డిగ్రీలు (ఇక్కడి వేడి లెక్కలన్నీ ఫారెన్‌హీట్) దాటుతుంది, పార్కు షటిల్ బస్సు కోసం క్యూలో నిలబడడానికే గంట పోతుంది. అదే చలికాలంలో ఎర్రటి రాతి అంచుల మీద పలచగా మంచు పడి, పైన నీలం ఆకాశం ఉంటే మీ ఫోన్ కెమెరా కూడా దాన్ని పాడుచెయ్యలేదు. కాబట్టి డిసెంబరు అనుకోవడంలో తప్పేం లేదు. తేడా వచ్చిందల్లా దూరాల లెక్కలోనే.

మీరు రాసిన చోట్లన్నీ కలుపుతూ లెక్కేస్తే నాకు 1,200 మైళ్ళు వచ్చింది. వేగస్ నుంచి జాయన్ 160, అక్కడినుంచి బ్రైస్ 85, బ్రైస్ నుంచి ఆర్చెస్ ఉన్న మోయాబ్ ఊరికి సుమారు 270. ఆ తర్వాత మాన్యుమెంట్ వ్యాలీ, పేజ్ ఊరు (ఆంటెలోప్, హార్స్‌షూ బెండ్ ఉన్నది అక్కడే), గ్రాండ్ కెన్యన్, మళ్ళీ వేగస్. ఎంత లేదన్నా ఇరవై రెండు గంటల డ్రైవింగు. డిసెంబరు చివర్లో అక్కడ పగలు తొమ్మిదిన్నర గంటలే. పొద్దున ఏడున్నరకి గాని సూర్యుడు రాడు, సాయంత్రం ఐదుంబావుకల్లా పోతాడు. రోజులో సగం వెలుతురు కారు అద్దంలోంచే చూస్తే ఇక నడిచేదెప్పుడు? మీరు హైకింగ్ అని రాశారు కాబట్టి అడుగుతున్నాను. కారులో తిరిగిరావడమే కావాలంటే అది వేరే ప్లాన్.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ప్రాంతంలో చలికాలం నడకని మ్యాప్ చూసి కాదు, ఎండ చూసి వేసుకోవాలి.

మనవైపు బస్సెక్కితే ముందు ఎండ ఏ వైపు పడుతుందో చూసి రెండో వైపు కూర్చుంటాం కదా. ఇక్కడ ఆ అలవాటుని పూర్తిగా తిరగెయ్యాలి. డిసెంబరు చివర్లో జాయన్‌లో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 30 డిగ్రీల ఎత్తు దాటడు. అదే రోజు కడపలో 52 డిగ్రీల దాకా వస్తాడు. అంత కిందనుంచి పడే ఎండ లోతైన లోయల్లోకి దిగదు. ఉత్తరం వైపు తిరిగిన చరియల మీద వారాల తరబడి ఒక్క కిరణం కూడా పడదు. పడిన మంచు పగలు కొంచెం కరుగుతుంది, ఆ నీళ్ళు దారి మీదికి జారతాయి, రాత్రికి గాజులా గడ్డకడతాయి. మర్నాడు మళ్ళీ అదే. అందుకే ఒకే ట్రెయిల్‌లో మొదటి మైలు స్వెటర్ విప్పేసి నడుస్తారు, మలుపు తిరగగానే నిలువునా ఐస్. ఫోన్లో "45 డిగ్రీలు, ఎండ" అని కనిపిస్తే అది ఎండలో ఉన్నవాళ్ళ సంగతి అనుకోండి.

ఇది నాకు తెలిసొచ్చింది ఆర్చెస్‌లో, ఎనిమిదేళ్ళ కిందట. జనవరిలో ఒక మిత్రుడితో డెలికేట్ ఆర్చ్ అనే రాతి కమాను దగ్గరికి వెళ్ళాను. రానూపోనూ మూడు మైళ్ళు, ఎక్కేది దాదాపు 500 అడుగులు. అప్పటికి వేసవిలో రెండుసార్లు ఎక్కినవాణ్ణి. పార్కింగ్ దగ్గర ఎండ కాస్తోంది, బండరాయి అంతా పొడిగా ఉంది, కాళ్ళకి రన్నింగ్ షూస్. చివరి రెండు వందల గజాలు రాతిగోడని తొలిచి వేసిన దారి. ఒక పక్క గోడ, రెండో పక్క ఏమీ లేదు. ఆ ముక్క పూర్తిగా ఐస్. గోడ పట్టుకుని ఎలాగో దాటాం. ఆర్చ్ ముందు కూర్చుని సూర్యాస్తమయం చూశాం, ఫోటోలు తీసుకున్నాం. తిరిగి వచ్చేటప్పుడు చీకటి. వెలుతురు కోసం ఫోన్ తీస్తే చలికి బ్యాటరీ చచ్చిపోయింది. ఇద్దరం ఆ దారంతా కూర్చుని, చిన్నపిల్లలు మెట్లు దిగినట్టు దిగాం. మా పక్కనుంచి డెబ్బై ఏళ్ళ ఒకావిడ తలకి లైటు, కాళ్ళకి మైక్రోస్పైక్స్ పెట్టుకుని, పెరట్లో నడుస్తున్నట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ "మీరు బాగానే ఉన్నారా" అని అడిగింది కూడా. ఆ రాత్రే హోటల్ గదిలోంచి రెండు జతలు ఆర్డర్ చేశాను.

కాబట్టి షూస్ సంగతి. మైక్రోస్పైక్స్ అంటే బూటు కింద తొడుక్కునే రబ్బరు పట్టీ. దానికి గొలుసులు, గొలుసులకి ఉక్కు పళ్ళు ఉంటాయి. పది సెకన్లలో తొడగొచ్చు, తియ్యొచ్చు. ట్రెక్కింగ్ బూట్లు కొనకపోయినా ఫర్వాలేదు గాని ఇవి లేకుండా రావద్దు. కాయిల్ చుట్టినట్టుండే చవక రకం కూడా దొరుకుతుంది. అది ఊళ్ళో పేవ్‌మెంట్ మీద పనికొస్తుంది గాని వాలు మీద ఐస్ అయితే ఆగదు. పిల్లల సైజులు ఉన్నాయి, ముందే ఆర్డర్ చెయ్యండి. జాయన్ పక్క ఊరు స్ప్రింగ్‌డేల్‌లో అద్దెకిస్తారు గాని క్రిస్మస్ వారంలో చిన్న సైజులు దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు. పొడిరాయి మీదికి రాగానే తీసెయ్యండి. లేకపోతే పళ్ళు అరుగుతాయి, రాయి మీద గీతలు కూడా పడతాయి. నాన్నగారికి చేతికర్ర ఒకటి కాదు, రెండు కొనండి. మోకాలికి ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే పని ఎక్కువ.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. కాటన్ బనీను వద్దు, చెమటకి తడిస్తే ఆరదు, నీడలోకి రాగానే వణుకు పుడుతుంది. లోపల థర్మల్స్, మీద ఫ్లీస్, పైన గాలి ఆపే జాకెట్. నడిచేటప్పుడు విప్పుతూ, ఆగినప్పుడు తొడుగుతూ ఉండాలి. డాలస్‌లో వేసుకునే ఒకే ఒక్క లావు కోటుతో అది కుదరదు. చేతికి గ్లవ్స్. మనిషికో హెడ్‌ల్యాంప్, అవును, పిల్లలకి కూడా, వాళ్ళకి అదో ఆట. ఫోన్ లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. మీ నాన్నగారు కడప నుంచి మంకీ క్యాప్ తెచ్చుకుని ఉంటే దాన్ని చూసి నవ్వకండి. బ్రైస్ రిమ్ మీద, అంటే కొండ అంచున, సూర్యోదయం వేళ అంతకంటే మంచి టోపీ నేను చూడలేదు.

ఇక ప్లాన్. మీ స్థానంలో నేనుంటే మోయాబ్ వైపు, గ్రాండ్ కెన్యన్ వైపు ఈసారికి వదిలేసి జాయన్, బ్రైస్ మాత్రమే పెట్టుకుంటాను. వాటికి అటొకటి, ఇటొకటి దారిలోనే పడే రెండు స్టేట్ పార్కులు కలుపుతాను.

25న వేగస్‌లో దిగి బండి తీసుకుని నేరుగా వ్యాలీ ఆఫ్ ఫైర్‌కి వెళ్ళండి. ఐ-15 హైవే మీద సుమారు 50 మైళ్ళు, ఎలాగూ జాయన్ వెళ్ళే దారే. ఎత్తు తక్కువ, రెండు వేల అడుగుల చుట్టుపక్కల, అంచేత డిసెంబరులో కూడా హాయిగా ఉంటుంది. మౌసెస్ ట్యాంక్ అని ముప్పావు మైలు నడక ఉంది. మెత్తటి ఇసుక దారి, రెండు పక్కలా గోడల మీద పూర్వం ఇక్కడివాళ్ళు చెక్కిన బొమ్మలు. అమ్మానాన్నలు కూడా మెల్లిగా నడవగలరు. ఆ బొమ్మల్ని చేత్తో తాకనివ్వకండి, చేతి జిడ్డుకి పాడవుతాయి. పిల్లలు ఇంకా పరిగెత్తేలా ఉంటే వైట్ డోమ్స్ చుట్టు, ఒక మైలు కంటే కొంచెం ఎక్కువ. నేషనల్ పార్క్ పాస్ ఇక్కడ చెల్లదు, విడిగా కట్టాలి. మూడింటికల్లా బయల్దేరండి, ఎందుకంటే నెవాడా దాటగానే గడియారం ఒక గంట ముందుకి పోతుంది. ఈ గంట సంగతి మర్చిపోయి హోటల్ వాళ్ళకి ఆలస్యంగా ఫోన్ చేసేవాళ్ళని చాలామందిని చూశాను.

రాత్రి బస స్ప్రింగ్‌డేల్‌లో అయితే పార్కు గేటు పక్కనే. కాకపోతే ఆ వారం రేట్లు గుండె ఆగేలా ఉంటాయి. అరగంట దూరంలో హరికేన్ అనే ఊరుంది, చాలా నయం. పేరు చూసి అమ్మ భయపడకుండా ముందే చెప్పండి. రెండు రాత్రులు అక్కడే ఉండండి. చిన్న వంటగది ఉన్న గది చూసుకోండి, ఎందుకో తిండి దగ్గర చెప్తాను.

26 అంతా జాయన్‌కే. ఇక్కడ ఒక మెలిక ఉంది. జనవరిలో చాలా రోజులు షటిల్ బస్సులు ఆగిపోతాయి, అప్పుడు సొంత కారులో లోయ చివరిదాకా పోవచ్చు. మీరొచ్చే సెలవుల వారంలో మాత్రం మామూలుగా షటిల్ నడుస్తుంది. నడిచినన్ని రోజులూ సీనిక్ డ్రైవ్ అనే ఆ లోయ రోడ్డులోకి సొంత కార్లని రానివ్వరు. పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇది ఒకందుకు మంచిదే. కిటికీ పక్కన కూర్చోబెడితే వాళ్ళకి ఆ బస్సే సగం యాత్ర. కానీ విజిటర్ సెంటర్ పార్కింగ్ తొమ్మిది లోపే నిండుతుంది. ఎనిమిదింబావుకి అక్కడ ఉండండి. చీకట్లో లేచి పరిగెత్తమని కాదు, కారు పెట్టుకుని లోపల హీటర్ దగ్గర కూర్చుని రేంజర్‌తో మాట్లాడండి. "ఈ రోజు ఏ ట్రెయిల్ మీద ఐస్ ఉంది" అని అడిగితే ముందురోజు నడిచొచ్చిన మనిషి చెప్పినట్టు చెప్తారు. నేను పధ్నాలుగేళ్ళుగా వెళ్తున్నా ఇప్పటికీ అడిగే అడుగు వేస్తాను.

పొద్దున పరూస్ ట్రెయిల్. నది పక్కనే సాగే తారుదారి, మలుపుల్లేవు, ఎత్తుపల్లాలు లేవు, లోయ వెడల్పుగా ఉన్నచోట ఉంది కాబట్టి ఎండ పడుతుంది. రానూపోనూ మూడున్నర మైళ్ళు, కానీ నాన్నగారు ఎక్కడ చాలనుకుంటే అక్కడ వెనక్కి తిరగొచ్చు. పదకొండు దాటాక షటిల్ ఎక్కి చివరి స్టాపు దాకా. అక్కడ రివర్‌సైడ్ వాక్ కూడా చదునైనదే గాని లోయ ఇరుకు, నీడ. అమ్మానాన్నలు స్పైక్స్ లేకుండా దిగొద్దు. దాని చివర నారోస్ మొదలవుతుంది, నదిలోనే నడవాలి. చలికాలం అందులో దిగేవాళ్ళు నీరు లోపలికి రాని డ్రైసూట్ వేసుకుని దిగుతారు. మీకది చూడడమే చాలు. ఎమరాల్డ్ పూల్స్ పేరు చూసి టెంప్ట్ అవుతారు. అక్కడ పైన చరియల్నుంచి వేలాడే ఐస్ కరిగి ముక్కలుగా రాలుతుంది, అందుకే అప్పుడప్పుడు దారి మూసేస్తారు. తెరిచి ఉన్నా తల పైకెత్తి చూసుకుంటూ, వేలాడే ఐస్ కింద ఆగకుండా పోవాలి.

మధ్యాహ్నం రెండింటికి మీరిద్దరూ, పాప వాచ్‌మన్ ట్రెయిల్ ఎక్కండి. మూడు మైళ్ళ పైచిలుకు, 370 అడుగుల ఎత్తు. ఆ వేళకి ఆ వాలంతా ఎండే. వాన గాని మంచు గాని పడి రెండు రోజులైనా కాకపోతే ఎర్రబురద బూటుకి ఇటుకలా అంటుకుంటుంది, అదొక్కటే చిక్కు. నాలుగున్నరకి కిందకి వచ్చెయ్యాలి.

ఆ ఎరుపేమిటని పిల్లలు తప్పకుండా అడుగుతారు. తుప్పు అని చెప్పండి. ఇసుక రేణువుల మధ్య ఉన్న ఇనుము గాలి, నీరు తగిలి ఆ రంగుకి తిరిగింది. జాయన్ గోడలు 18 కోట్ల ఏళ్ళకి పైబడిన ఇసుకదిబ్బలు, అవి అలాగే రాయైపోయాయి. గోడ మీద ఏటవాలుగా గీతలు కనిపిస్తాయి చూడండి, గాలి దిబ్బని పేర్చిన వరసలవి. నాన్నగారు గండికోట చూసే ఉంటారు కదా, పెన్న రాయిని కోసుకుంటూ పోయిన చోటు. ఇక్కడ ఆ పని వర్జిన్ నది చేసింది. ఆ నదిని చూస్తే నమ్మబుద్ధి కాదు, చాలాచోట్ల చలికాలం మోకాలి లోతే. దానికి రెండు పక్కలా 2,000 అడుగుల గోడలు. మా మామగారు మొదటిసారి చూసి "ఈ కాలవేనా ఇంత పని చేసింది" అన్నారు.

27న పొద్దున మరీ తొందరేం లేదు. పదింటికి తూర్పువైపు కొండెక్కే రోడ్డు పట్టండి. 1930లో పూర్తయిన సొరంగం, 1.1 మైళ్ళ పొడుగు, మధ్యలో అక్కడక్కడా రాతిని తొలిచి పెట్టిన కిటికీలు. సొరంగం దాటగానే కెన్యన్ ఓవర్‌లుక్ ట్రెయిల్. మొత్తం ఒక మైలే, చివర లోయంతా కాళ్ళ కింద పరుచుకుంటుంది. పార్కింగ్ చాలా చిన్నది, దొరికితే అదృష్టం, దొరక్కపోతే రోడ్డు పక్కన బండి ఇరికించకుండా ముందుకి పోండి. కొన్నిచోట్ల ఒక పక్క పల్లం ఉంది, బాబు చెయ్యి వదలొద్దు. అమ్మానాన్నలు కారు దగ్గరే ఉంటే నయం. ఆ చుట్టుపక్కల బండల మీద కొమ్ములు తిరిగిన అడవిగొర్రెలు కనబడతాయి, వాళ్ళకి అదే కాలక్షేపం.

అక్కడినుంచి బ్రైస్‌కి రెండు గంటలు. దారిలో రెడ్ కెన్యన్ దగ్గర రోడ్డు ఎర్రరాతి సొరంగాల్లోంచి పోతుంది, ఆగి చూడడానికి టికెట్ లేదు. కానీ ఎత్తు గమనించండి. జాయన్ లోయ 4,000 అడుగులు, బ్రైస్ రిమ్ 8,000 అడుగులు. అంటే మధ్యాహ్నం జాయన్‌లో 50 డిగ్రీలుంటే బ్రైస్‌లో 35, రాత్రికి 15కి పడిపోతుంది, మన సెల్సియస్ లెక్కలో మైనస్ తొమ్మిది. మీ అమ్మానాన్నలకి ఆయాసం రావొచ్చు. బీపీ మాత్రలు మానకుండా చూడండి, చలికి దాహం వెయ్యకపోయినా నీళ్ళు తాగించండి. రాత్రి ట్రాపిక్ అనే ఊళ్ళో పడుకుంటే రిమ్ కంటే ఎత్తు తక్కువ, నిద్ర పడుతుంది.

28 పొద్దున ఏడుంబావుకి సన్‌రైజ్ పాయింట్. కెన్యన్ అని పేరే గాని బ్రైస్ లోయ కాదు, కొండ అంచుని మంచు తొలిచిన గిన్నె. అక్కడ ఏడాదిలో రెండు వందల రాత్రుల దాకా పగుళ్ళలోని నీరు గడ్డకట్టి, పగలు మళ్ళీ కరుగుతుంది. గడ్డకట్టినప్పుడల్లా రాతిని కొంచెం విడదీస్తుంది. అలా మిగిలిన స్తంభాలే హూడూలు. తెల్లవారేటప్పుడు ఎండ అడ్డంగా పడితే అవి లోపల దీపం పెట్టినట్టు మండుతాయి, తల మీద తెల్లగా మంచు. నేను చూసిన వాటిలో ఇంతకంటే గొప్ప తెల్లవారుజాము ఇంకోటి లేదు. నిలబడేది ఇరవై నిమిషాలే అనుకోండి, అమ్మానాన్నలని ఆఖరి నిమిషం దాకా కారులో హీటర్ వేసి కూర్చోబెట్టండి.

ఆ తర్వాత గదికి వెళ్ళి తిని, పదకొండింటికి మళ్ళీ రండి. సన్‌రైజ్ నుంచి సన్‌సెట్ పాయింట్ దాకా రిమ్ మీద అర మైలు చదునైన దారి పెద్దవాళ్ళకి. మీరు స్పైక్స్ తొడుక్కుని పాపతో క్వీన్స్ గార్డెన్ ట్రెయిల్ దిగండి. వాల్ స్ట్రీట్ అనే ఇరుకు సందు చలికాలమంతా మూసే ఉంటుంది, తాడు దాటి వెళ్ళే సాహసాలొద్దు. దిగడం సుఖం, 8,000 అడుగుల ఎత్తులో ఎక్కి రావడం మాత్రం గట్టిగానే ఉంటుంది. డాలస్ సముద్రమట్టానికి ఎంత దగ్గరో మీ ఊపిరితిత్తులు చెప్తాయి.

రెండున్నరకి బయల్దేరి సెయింట్ జార్జ్ వచ్చెయ్యండి. ఇక్కడ జీపీఎస్‌తో జాగ్రత్త. దగ్గరదారి అని 14వ నంబరు రోడ్డు చూపిస్తుంది, అది దాదాపు పదివేల అడుగుల ఎత్తు ఎక్కి దిగుతుంది. చలికాలంలో దాన్ని కాదని 20వ నంబరు రోడ్డు మీదుగా ఐ-15 ఎక్కండి. 29 పొద్దున సెయింట్ జార్జ్ పక్కనే ఉన్న స్నో కెన్యన్ స్టేట్ పార్క్. పేరులోనే స్నో గాని అక్కడ మంచు అరుదు. ఎర్రరాయి, తెల్లరాయి, వాటి మీద గడ్డకట్టిన నల్లటి లావా. పెట్రిఫైడ్ డ్యూన్స్ మీద పిల్లల్ని వదిలేస్తే రెండు గంటలు మీకు పని ఉండదు. వేగస్ అక్కడికి రెండు గంటల లోపే, పైగా పోయిన గంట తిరిగొస్తుంది.

27, 28ల్లో తుఫాను వస్తుందని తెలిస్తే బ్రైస్ రద్దు చేసి హరికేన్‌లోనే ఉండిపోండి. ఇలా మార్చుకోవాలంటే రద్దు చేసుకోగల గదులే బుక్ చెయ్యాలి, పది డాలర్లు ఎక్కువైనా. బ్రైస్‌లో మంచు పడితే పార్కు రోడ్డుని మూడో మైలు దగ్గర గేటు వేసి ఆపేస్తారు. మీకు కావలసిన పాయింట్లన్నీ ఆ లోపలే ఉన్నాయి గాని అక్కడిదాకా రావడమే కష్టమవుతుంది.

బండి ఏడు సీట్లది, వీలైతే ఏడబ్ల్యూడీ (ఇంజను నాలుగు చక్రాల్నీ తిప్పే రకం) తీసుకోండి. కానీ ఏడబ్ల్యూడీ బండిని కదిలిస్తుంది గాని ఆపదు, ఐస్ మీద బ్రేకు వేస్తే అన్ని బళ్ళూ ఒకటే. తీసుకునేటప్పుడు టైర్లు అరిగి ఉన్నాయేమో చూసి, అరిగితే వేరే బండి అడగండి. ఒకసారి నేను మొహమాటపడి అలాగే తెచ్చుకున్నాను. దూరప్రయాణాలు వీలైనంతవరకు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు లోపలే పెట్టుకోండి. చీకటి పడ్డాక 89వ నంబరు, 12వ నంబరు రోడ్ల మీదికి జింకలొస్తాయి. సగం ట్యాంకు కంటే తగ్గనివ్వకండి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. బాబుకి బూస్టర్ సీటు మర్చిపోవద్దు.

తిండి. క్రిస్మస్ రోజు పెద్ద సూపర్ మార్కెట్లు చాలావరకు మూసే ఉంటాయి, అంచేత బియ్యం, పొడులు, చిన్న ఎలక్ట్రిక్ కుక్కర్ డాలస్ నుంచే తెచ్చుకోండి. అందుకే వంటగది గది అన్నాను. మామూలు గదిలో పోపు వేస్తే స్మోక్ అలారం మోగుతుంది, మా ఇంట్లో ఇది రెండుసార్లు జరిగింది. ట్రెయిల్ మీదకి పెరుగన్నం పనికిరాదు, చలికి గడ్డలా అవుతుంది. పులిహోర పొద్దున చేసి మధ్యాహ్నానికి తినొచ్చు. అన్నిటికంటే నయం చపాతీలో పల్లీపొడి, నెయ్యి వేసి చుట్టినవి, చిక్కీలు, ఖర్జూరాలు. ఫ్లాస్కులో టీ అందరూ తెస్తారు. మా ఇంటావిడ మిరియాల చారు పోస్తుంది, మంచులో నిలబడి అది తాగాక ఇంక టీ ఎవరూ అడగరు.

ఖర్చులో ఒకటి మీకు తెలిసి ఉండకపోవచ్చు. అమెరికాలో ఉండేవాళ్ళకి ఏడాది పాస్ 80 డాలర్లే. కానీ 2026 జనవరి నుంచి బయటిదేశాల వాళ్ళకి రేటు వేరు. వాళ్ళ ఏడాది పాస్ 250 డాలర్లు. పాస్ లేకపోతే పదకొండు పార్కుల్లో పదహారేళ్ళు నిండిన ప్రతి మనిషికీ మామూలు టికెట్ మీద ఇంకో 100. జాయన్, బ్రైస్, గ్రాండ్ కెన్యన్ మూడూ ఆ పదకొండులో ఉన్నాయి, ఆర్చెస్ లేదు. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చారు కాబట్టి గేటు దగ్గర తేల్చుకుందాం అనుకోకుండా ముందే పార్కు సైటులో నియమం చదివి, మీ డ్రైవింగ్ లైసెన్సు, వాళ్ళ పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి. వాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోకపోతే ఈ యాత్రకి ముందే తీసుకోండి. ఐస్ మీద మణికట్టు విరిగితే ఇక్కడి బిల్లు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఏంజెల్స్ లాండింగ్. 2022 ఏప్రిల్ నుంచి దానికి లాటరీలో పర్మిట్ రావాలి. వచ్చినా సరే, ఆఖరి అర మైలు గొలుసులు పట్టుకుని కత్తి అంచులాంటి రాతి మీద నడవాలి, దానికి ముందు నీడలో ఉండే మలుపుల మీద చలికాలమంతా ఐస్. ఈతరాని పిల్లని ముందుగా కృష్ణలో దింపం కదా. పాపకి పదహారు వచ్చాక, ఏ అక్టోబరులోనో రండి.

మోయాబ్ పూర్తిగా వదిలెయ్యమని మనసొప్పడం లేదు, నిజానికి నాకు ఇష్టమైనది అదే. మీరిద్దరే రాగలిగితే సంక్రాంతి వెళ్ళిన తర్వాతి వారాల్లో రండి. సాల్ట్ లేక్‌లో దిగితే నాలుగు గంటలు, 235 మైళ్ళు. దారిలో సోల్జర్ సమ్మిట్ దగ్గర మంచు చూసుకోవాలి. అప్పుడు ఊళ్ళో కొన్ని రెస్టారెంట్లు మూసి ఉంటాయి గాని గదులు చవక. కెన్యన్‌లాండ్స్‌లో మెసా ఆర్చ్ దగ్గర సూర్యోదయం, మధ్యాహ్నం గ్రాండ్ వ్యూ పాయింట్, మర్నాడు డెవిల్స్ గార్డెన్‌లో లాండ్‌స్కేప్ ఆర్చ్. 306 అడుగుల పొడుగున్న ఆ రాతి వంతెన నుంచి 1991లో పెద్ద పలక ఊడిపడింది, ఇప్పుడు మధ్యలో మరీ సన్నగా ఉంది. దారి పక్క నేల మీద నల్లగా, గరుగ్గా, పొంగినట్టున్న పొర కనిపిస్తే దాని మీద కాలు పెట్టకండి. అది ప్రాణమున్న నేల, ఇసుకని పట్టి ఉంచేది అదే, ఒక్క అడుగు పడితే మళ్ళీ పెరగడానికి ఏళ్ళు పడుతుంది. వాన పడి ఒక రోజైనా కాకపోతే ఇసుకరాయి అంచుల మీద బరువు వెయ్యొద్దు, తడిస్తే పిండిలా విరుగుతుంది.

ముందు హరికేన్‌లో రెండు రాత్రులు, ట్రాపిక్‌లో ఒకటి, సెయింట్ జార్జ్‌లో ఒకటి వెతకండి. ఈ నాలుగు దొరికాకే బండి బుక్ చెయ్యండి. ట్రాపిక్‌లో దొరక్కపోతే పాంగ్విచ్ చూడండి, బ్రైస్‌కి అరగంట. స్పైక్స్‌కి పిల్లల షూ సైజు ఇక్కడ రాస్తే ఏ సైజు తీసుకోవాలో చెప్తాను, మా అబ్బాయికి మొదట పెద్దవి కొని, కొండ మీద సగం దారిలో ఊడిపోతే చేత్తో మోసుకొచ్చాను.